గేరు సైకిలుకు ఒక గది: కడప జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ



ప్రొద్దుటూరులో మా నాయన కాలం నుంచి సైకిలు షాపు నడుపుతున్న కుటుంబం మాది. అప్పట్లో గంటల లెక్కన సైకిళ్ళు బాడుగకిచ్చేవాళ్ళం. ఇప్పుడు రిపేర్లతో పాటు, అడిగినవాళ్ళకు విడిభాగాలు తెప్పించి గేరు సైకిళ్ళు కట్టిస్తున్నాను. ఆ పనిలో తేలిన లెక్కలు మీ ముందు పెట్టి, మీరు తలచుకుంటే అయ్యే ఒక పని అడగడానికే ఈ ఉత్తరం.

2024 నవంబరులో కేంద్ర పర్యాటక శాఖ గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. జమ్మలమడుగు పక్కన పెన్న కోసుకుంటూ పోయిన ఆ లోయను చూడటానికి బయటి జనం రావాలి, వస్తారు. కానీ ఆ రాళ్ళ దారుల్లో సైకిలు తొక్కాలని అందరికంటే ముందు ఆశపడుతున్నది మా పిల్లలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళ కుర్రాళ్ళూ నా షాపుకొచ్చి కొండమీద తిరిగే సైకిలు ఎంత పడుతుందని అడుగుతుంటారు. వాళ్ళ కోసం నేను అడిగేది జమ్మలమడుగులో ఒక గది, ఒక గట్టి బల్ల, కొన్ని పనిముట్లు, అరిగిపోయే సామాను కొంత నిల్వ. గండికోట పద్దులో కుదరకపోతే జిల్లాలో ఏ పద్దులో కుదిరినా సరే.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు ఒక చీటీ చూపించాలి. పులివెందులలో ఇంజినీరింగు చదివే ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, షాపులో కొంటే వాళ్ళిచ్చిందే తీసుకోవల్ల. నాకు కావల్సినట్టు నేనే కట్టుకుంటా. నెలకొక సామాను కొంటాపోతే ఇంట్లో కూడా బరువనిపించదు" అన్నాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను. కట్టుకుంటే చవక అన్న నమ్మకం కూడా దాని వెనక ఉంటుంది. అతనికి నేను రాసిచ్చిన లెక్క ఇది. ధరలు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు.

అల్యూమినియం ఫ్రేము 12,000. ముందు సస్పెన్షన్ ఫోర్కు, స్ప్రింగుది, 9,000. గాలిది కావాలంటే దాదాపు రెట్టింపు. హబ్బులు, రిమ్ములు, 64 ఊచలు కలిపి రెండు చక్రాలు 8,500. షిఫ్టరు, వెనక డీరైలరు, తొమ్మిది గేర్ల క్యాసెట్టు, చైను 8,500. క్రాంకు, బాటమ్ బ్రాకెట్టు 5,000. ఆయిలు డిస్కు బ్రేకులు జత 7,000. టైర్లు, ట్యూబులు 4,000. హ్యాండిలు, స్టెమ్ము, హెడ్‌సెట్టు, గ్రిప్పులు 4,000. సీటు, సీటు రాడ్డు, పెడళ్ళు 3,500. వైర్లు, చిల్లర సామాను 800. మొత్తం 62,300. ఒక్కో డబ్బా ఒక్కో ఊరి నుంచి వస్తుంది కాబట్టి కొరియర్లకు ఇంకో 2,200. వెరసి 64,500 రూపాయలు. ఇదే తరగతి సైకిలు, ఇంచుమించు ఇదే సామానుతో, కంపెనీ బిగించి పంపింది 40,000 దగ్గర దొరుకుతుంది.

ఆ 24,500 తేడా ఎక్కడ పోయింది? మా ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడ్డ ఊరు. నగ కొంటే తూకం ఒకచోట, తరుగు, మజూరీ ఇంకోచోట రాస్తారు కాబట్టి దేనికెంత ఇచ్చామో కొన్నవాళ్ళకు తెలుస్తుంది. విడిభాగాల సైకిలుకు అలా విడదీసి రాసిచ్చేవాళ్ళు లేరు. చైనును గేరు నుంచి గేరుకు మార్చే డీరైలరునే తీసుకోండి. సైకిళ్ళ కంపెనీ దాన్ని వేల లెక్కన, పైన రంగుల డబ్బా కూడా లేకుండా, పెద్ద పెట్టెల్లో కొంటుంది. అదే డీరైలరు మా కుర్రాడి చేతికి రావాలంటే దిగుమతిదారు, పెద్ద డీలరు, చిల్లర కొట్టు, కొరియరు దాటి రావాలి. ఒక్కొక్కరూ తమ వంతు న్యాయంగానే తీసుకుంటారు, ఎవరినీ తప్పుపట్టను. కానీ సైకిలంతా కలిపితే ఇలాంటివి పాతికకు తక్కువ ఉండవు, పాతికసార్లూ ఆ దారి ఖర్చు పడుతుంది. వీటన్నిటిలో తక్కువ పడేది చేతిపని. రెండు చక్రాలకూ ఊచలు అల్లి, బెండు తీసి, బండి మొత్తం బిగించినందుకు నేను తీసుకునేది రెండు వేల లోపే.

పన్నుల వైపు నుంచి ఈమధ్య కొంత ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటే ఉండుంటే పై చీటీ మీద ఇంకో నాలుగు వేలు పడేవి. దిగుమతి సుంకం కథ వేరు. 2012 బడ్జెట్లో పూర్తి సైకిలు మీద సుంకాన్ని 10 నుంచి 30 శాతానికి, విడిభాగాల మీద 10 నుంచి 20 శాతానికి పెంచారు. 2023లో పూర్తి సైకిలు సుంకం 35 అయింది. మన కార్ఖానాలు నిలబడాలని పెట్టిన సుంకాలవి, నాకు అభ్యంతరం లేదు. ఆ లెక్కన పైదేశపు సైకిలు పూర్తిగా తెప్పించుకునే బదులు విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించుకుంటే చవక కావాలి. సరుకు కంటైనర్లలో తెప్పించేవాళ్ళకు అవుతుంది కూడా. ఒక చైను, ఒక ఫోర్కు కొనే కుర్రాడి దాకా ఆ లాభం రాదు.

నిజానికి ఈ కొండ సైకిలు పుట్టిందే విడిభాగాల్లోంచి. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్ళు కొందరు 1930, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళ ఫ్రేములు వెతికి తెచ్చుకుని, వాటికి డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిలు బ్రేకు లీవర్లు, ఎక్కడెక్కడివో గేర్లు తగిలించి కొండల మీంచి మట్టిదారుల్లో దిగేవాళ్ళు. 1976 అక్టోబరులో అలాంటి ఒక దిగుడు మీద పందెం మొదలైంది. కిందికి చేరేసరికి వెనక హబ్బులో గ్రీజు కాలి పొగై పోయేది, మళ్ళీ విప్పి నింపుకోవాల్సి వచ్చేది. 1977లో జో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేములు కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఒక గ్యారేజీ బాడుగకు తీసుకుని, టామ్ రిచీ చేసిన ఫ్రేములకు సామాను కూర్చి అమ్మడం మొదలుపెట్టారు. ఒక్కో సైకిలు 1,300 డాలర్ల దాకా పలికింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ అదే తరహా సైకిలును జపానులో పెద్ద ఎత్తున చేయించి, స్టంప్‌జంపర్ అన్న పేరుతో 750 డాలర్లకు తెచ్చింది.

చేత్తో కూర్చిన సైకిలుకూ, కార్ఖానా సైకిలుకూ అప్పుడు అక్కడ ఉన్న తేడా, ఇప్పుడు మా చీటీలో కనిపిస్తున్న తేడాకు దగ్గర దగ్గరగానే ఉంది. నలభై ఏళ్ళు దాటినా అది పోలేదు. దాన్ని పోగొట్టమని మిమ్మల్ని అడగడం లేదు, అది ఎవరి చేతిలోనూ లేదు. నేను చూస్తున్నది ఆ గ్యారేజీ వైపు. పదిమంది చేతులు, ఒక జత పనిముట్లు, ఒకడు నేర్చుకున్నది ఇంకొకడికి చెప్పే చోటు వాళ్ళకు ఉండేది. మన దేశంలో ముంజాల్ సోదరులు కూడా ముందు విడిభాగాల వ్యాపారం చేసి, ఆ తర్వాతే 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీకి దిగారు. సామాను చేతిలో ఆడించినవాళ్ళకే సైకిలు గుట్టు తెలుస్తుంది.

మా పిల్లలకు ఆ చోటు లేకపోవడం వల్ల పడే ఖర్చు చీటీలో కనిపించదు. ముందు పనిముట్లు. క్యాసెట్టు విప్పడానికి ఒక స్పానరు, దాన్ని కదలకుండా పట్టడానికి చైను తగిలించిన ఇంకో పట్టీ, బాటమ్ బ్రాకెట్టుకు ఒకటి, చైను పిన్ను తోయడానికి ఒకటి, హెడ్‌సెట్టు కప్పులు నొక్కడానికి ప్రెస్సు, బోల్టు ఎంత బిగిసిందో చెప్పే టార్కు రెంచి, బ్రేకు ఆయిలు మార్చే కిట్టు, అలెన్ కీలు. తక్కువలో తక్కువ పన్నెండు వేలు. ఇందులో సగం పనిముట్లు సైకిలు కట్టేటప్పుడు ఒకసారి, విప్పేటప్పుడు ఒకసారి తప్ప పెట్టెలోంచి బయటికి రావు. అయినా ప్రతి కుర్రాడూ విడిగా కొంటున్నాడు. లేదా కొనకుండా సుత్తి, స్క్రూడ్రైవరుతో కానిస్తున్నాడు. రెండోది ఎంత ఖర్చో చెప్పడానికి ఒక్క సంగతి చాలు.

ఫ్రేము కింద, పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టానికి రెండు వైపులా బాటమ్ బ్రాకెట్టు కప్పులు రెండు బిగుస్తాయి. మా షాపుకు వచ్చే ఫ్రేముల్లో ఎక్కువ వాటికి కుడివైపు కప్పు రివర్స్ థ్రెడ్డు. అన్ని నట్లలా కుడికి తిప్పితే బిగియదు, ఎడమకు తిప్పాలి. పాత ఇనుప సైకిళ్ళ మీద చెయ్యి తిరిగిన మా మెకానిక్కులకు ఇది చిన్నప్పుడే తెలుసు. వీడియో చూసి సొంతంగా బిగించుకునే పిల్లవాడికి ఆ ఒక్క ముక్క చెవిన పడకపోతే, కప్పును అదిమి కుడికే తిప్పుతాడు. మొదటి చుట్టు కష్టంగా ఎక్కుతుంది. బిగుసుకుంటోంది అనుకుని పొడుగు రెంచి వేసి ఇంకా బలం పెడతాడు. అల్యూమినియం మెత్తన. గొట్టంలోపలి మరలు సన్నటి తీగలా చుట్టలు చుట్టుకుని బయటికొస్తాయి. అలా వచ్చిన ఫ్రేములు నా దగ్గర గోడకు వేలాడుతున్నాయి. పన్నెండు వేల ఫ్రేము అర నిమిషంలో పోతుంది. పక్కన తెలిసిన మనిషి ఒకరుంటే, మరలకు కాస్త గ్రీజు రాసి, మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పించి ఉంటే పోయేది కాదు.

కొలతల చిక్కు ఇంకొకటి. వెనక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లా, 142నా, 148నా? సీటు రాడ్డు 27.2నా, 30.9నా, 31.6నా? డిస్కుకు ఆరు బోల్టులా, మధ్యలో ఒకే తాళం రింగా? ఫోర్కు కాడ నిలువునా ఒకే లావా, కిందికొచ్చేసరికి లావెక్కుతుందా? ఫోను తెరమీద ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. తప్పు సామాను వస్తే వెనక్కి పంపే కొరియరు సొంత డబ్బే, డబ్బా విప్పితే కొన్నిచోట్ల తీసుకోరు. సొంతంగా కట్టుకున్నవాళ్ళలో ఒక్క తప్పు సామానైనా కొననివాళ్ళు నాకు అరుదుగా తగిలారు. బ్రేకు ఆయిలు సంగతి ఇంకా సున్నితం. కొన్ని కంపెనీల బ్రేకులకు మినరల్ ఆయిలు పోయాలి, కొన్నిటికి మోటారు బళ్ళలో వాడే డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. కొండ దిగుతున్నప్పుడు లీవరు హ్యాండిలు దాకా వచ్చేసి బండి ఆగకపోతే, అది డబ్బుతో పోయే నష్టం కాదు.

వీటన్నిటికంటే మా సీమలో నిత్యం ఉండేది ముల్లు. కంపచెట్లు రోడ్డు వారగా, వంక గట్టున, చేను చుట్టూ ఎక్కడ చూసినా అవే. ఎండిన కంపముల్లు టైరులో దిగి, పైభాగం విరిగిపోయి, మొన మాత్రం రబ్బరులో మిగులుతుంది. కంటికి కనబడదు. ట్యూబు మార్చి గాలి కొట్టి పది అడుగులు పోగానే కొత్త ట్యూబూ పోతుంది. అందుకే నేను పిల్లలకు ముందు నేర్పేది టైరు లోపల దూది ముద్ద తిప్పడం. మొన ఉన్నచోట దూది పోగు తగులుకుని ఆగుతుంది. అక్కడ పట్టకారుతో లాగాలి. పల్లేరు కాయలు మరీ అన్యాయం, నేలమీద ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబు లేకుండా టైరులో రబ్బరు పాలు పోసే పద్ధతి దీనికి మంచి మందు. చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుంటాయి. టేపు, వాల్వులు, సీసా కలిపి రెండున్నర వేలు దాటుతుంది. మా ఎండలకు ఆ పాలు రెండు మూడు నెలల్లో ఆరిపోతాయి, మళ్ళీ పోయాలి. పెద్ద సీసా ఒకటి తెప్పించి పదిమంది పంచుకుంటే మనిషికి పడేది చాలా తక్కువ. చిన్న సీసా ఒక్కడే కొనుక్కుంటే ప్రతి ఎండాకాలం ఏడుపే.

నన్నడిగినవాళ్ళకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. చేతిలో డబ్బు తక్కువుంటే పూర్తి సైకిలే కొనండి. ఏ సామాను అరిగితే ఆ సామాను కాస్త మంచిది వేసుకుంటూ పోండి. రెండు మూడేళ్ళలో అదే మీరు కట్టుకున్న సైకిలవుతుంది. గండికోట రాళ్ళకు ముందు ఖర్చు పెట్టాల్సింది బ్రేకుల మీద, టైర్ల మీద. ఎక్కువ గేర్లకు ఆశపడొద్దు, ముందు ఒకే పళ్ళచక్రం, వెనక తొమ్మిది చాలు. కానీ ఇలా మార్చుకుంటూ పోవడానికి కూడా పనిముట్లూ, సామానూ, చెప్పేవాళ్ళూ దగ్గర్లో ఉండాలి. లేకపోవడం వల్ల ఎన్ని మంచి సైకిళ్ళు ఇళ్ళలో మిద్దెమెట్ల కింద గాలి లేకుండా పడున్నాయో మా మూడు ఊళ్ళలో వీధివీధికీ చూపించగలను. బ్రేకులో ఆయిలు కారిందనో, డీరైలరును పట్టి ఉంచే హ్యాంగరు అనే చిన్న బద్ద ఒకటి వంగిందనో వాటిని తొక్కడం మానేశారు. ఆ బద్ద ధర మూడు నాలుగు వందలు.

అందుకని, కలెక్టరు గారూ, జమ్మలమడుగులో గండికోట దారికి దగ్గరగా ఒక గది చూపించండి. పనిముట్లు రెండు జతలు, చక్రాల బెండు తీసే ట్రూయింగు స్టాండు ఒకటి, సైకిలును ఎత్తి పట్టే స్టాండ్లు రెండు, వైసు బిగించిన బల్ల: నా అంచనాకు ఎనభై వేలలో అవుతాయి. నిల్వ ఉంచాల్సింది అరిగే సామానే. చైన్లు, బ్రేకు ప్యాడ్లు, వైర్లు, తొమ్మిది గేర్ల క్యాసెట్లు, ఊచలు, బేరింగులు, హ్యాంగర్లు, రబ్బరు పాలు. దానికి లక్షన్నర. వాడుకున్నవాళ్ళు కొన్న ధర కట్టి తీసుకుంటే ఆ డబ్బుతోనే మళ్ళీ నింపుకోవచ్చు. ఫ్రేములు, ఫోర్కుల్లాంటి పెద్ద సామాను కావాల్సినవాళ్ళందరి పేర్లూ మూడు నెలలకొకసారి రాసుకుని ఒకే ఆర్డరు పెడితే, పెద్ద డీలరు చిల్లర ధర కంటే తక్కువకే ఇస్తాడు, కొరియరూ ఒక్కటే పడుతుంది. నా లెక్కన 64,500 చీటీ యాభై నాలుగు, యాభై అయిదు వేలకు దిగుతుంది. పూర్తి సైకిలంత చవక కాదు. పనిముట్ల పన్నెండు వేలు, తప్పు సామాను ఖర్చు, పాడైన ఫ్రేము ఖర్చు మాత్రం మొత్తంగా పోతాయి.

నేర్పేవాళ్ళకు కొదవ లేదు. మా మూడు ఊళ్ళలో స్టాండు లేకుండా, బ్రేకు కట్ట దగ్గర వేలు ఆనించి కంటితోనే రిమ్ము బెండు తీసే పెద్ద మెకానిక్కులు ఇంకా ఉన్నారు. మోటారు బళ్ళు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది, చెయ్యి తగ్గలేదు. ఆదివారం పూట వచ్చి నేర్పినందుకు వాళ్ళకు కూలి గౌరవంగా ఇవ్వాలి. అది ఉచిత సేవ కింద లెక్కేయొద్దని ప్రత్యేకంగా మనవి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి వైఎస్సార్ ఇంజినీరింగు కాలేజీ ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. రెండింటిలోనూ మెకానికల్ చదివే పిల్లలున్నారు. ఏ ఫ్రేముకు ఏ కొలత సామాను పడుతుందో ఒక పట్టిక తెలుగులో రాసి గది గోడకు పెట్టే పని వాళ్ళకు అప్పగించవచ్చు. పులివెందుల పిల్లలు ప్రతిసారీ జమ్మలమడుగు దాకా రాలేరు కాబట్టి, రెండో జత పనిముట్లు అక్కడి కాలేజీలో ఉంచితే బాగుంటుంది.

ఇంకొక్క మాట. గండికోటలో యాత్రికులకు బాడుగకివ్వడానికి ఎప్పుడైనా ప్రభుత్వం సైకిళ్ళు కొంటే, టెండరు కాగితంలో ధర పక్కన సామాను కొలతలు కూడా రాయించండి. మరలున్న బాటమ్ బ్రాకెట్టు, 32 ఊచల చక్రాలు, తొమ్మిది గేర్లు, అన్ని సైకిళ్ళకూ ఒకే రకం బ్రేకు ప్యాడ్లు, ఒకే రకం హ్యాంగరు. పది సైకిళ్ళకు పది రకాల సామాను పడితే మొదటి ఎండాకాలానికే సగం మూలకు చేరతాయి. అన్నీ ఒకటే అయితే, మూలకు చేరే ఒక్క సైకిలు సామాను మిగతా తొమ్మిదింటినీ నడిపిస్తుంది. కొనేటప్పుడే విడిభాగాలకూ, మెకానిక్కు జీతానికీ కొంత పక్కన పెట్టించండి. ఆ మెకానిక్కు ఈ గదిలో నేర్చుకున్న జమ్మలమడుగు కుర్రాడైతే మరీ మంచిది.

పనిముట్ల పేర్లు, ధరలు, దొరికే చోట్లు వేరే కాగితంలో రాశాను. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తెచ్చి ఇస్తాను. గది ఎక్కడ ఇవ్వగలరో మీ కార్యాలయం చెబితే బల్ల చేయించడం, స్టాండ్లు బిగించడం మేమే చూసుకుంటాం. మొదటి ఆరు నెలలు ఆదివారాలు నేనే వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
ప్రొద్దుటూరు సైకిలు మెకానిక్కు